పాత ఇత్తడి

మిరుగం కార్తె వచ్చి వారం దాటినా వాన చుక్క పడని ఏడు అది. పోచంపల్లి సాలె రామచంద్రం తను నేసిన తేలియా రుమాళ్ళ మూట పత్తర్‌గట్టి సేటుకు అప్పజెప్పడానికి పట్నం బయలుదేరుతుంటే, ఈసారి తానూ వస్తానని భార్య బాలనర్సమ్మ పట్టుబట్టింది. ముప్పై ఐదేళ్ళు వచ్చినా ఆమె పట్నం మొహం చూడలేదు. ఆమె చేత్తో నూనెలో నానబెట్టి, చిటికెలు కట్టి రంగులద్దిన నూలు రుమాళ్ళయి సముద్రాలు దాటి అరబ్బు దేశాలకు పోయింది గానీ, ఆమె మాత్రం ఆలేరు దాటి ఎరగదు.

పట్టుబట్టడానికి ఇంకో కారణం ఉంది. చెల్లెలు గుర్వమ్మకు ఏడో నెల. పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు నిలిచిన కడుపు. ఆలేరుకు ఇవతల రావులకుంట ఆమె భర్త లింగస్వామి ఊరు. అక్క గాజులు పెట్టడానికి వచ్చినప్పుడు లాడ్ బజారు లక్క గాజులే తేవాలని సంతకొచ్చిన మనిషితో కబురు చేసింది. తల్లి లేని పిల్ల, అక్క చంకలో పెరిగిన పిల్ల. ఎన్నడూ నోరు తెరిచి ఏదీ అడగని పిల్ల అడిగింది.

రామచంద్రం మొదట వద్దన్నాడు. రోజులు బాగా లేవన్నాడు. ఉప్పు దొరకడం లేదు, దీపాలకు గ్యాసునూనె లేదు, నూలు బేళ్ళు సరిహద్దు దగ్గరే ఆగిపోయాయి. తుపాకులు పట్టుకొని లారీల మీద తిరిగే ఖాకీ గుడ్డలవాళ్ళ అలికిడైతే చాలు, ఊళ్ళకు ఊళ్ళు తలుపులు మూసుకుంటున్నాయి. కానీ భయమంతా పల్లెల్లోనే, పట్నంలో బజార్లు నడుస్తూనే ఉన్నాయని పోయొచ్చినవాళ్ళు చెప్పారు. ఆ మాట పట్టుకొని ఆమె గెలిచింది.

కోడికూతకు ముందే బండి కట్టుకొని బీబీనగర్ చేరి రైలెక్కారు. పెట్టెలో నిలబడే జాగా లేదు. మూటలు, ముసలివాళ్ళు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ఒకామె ఒళ్ళో తిరగలి రాయి. పెళ్ళికి పోయేవాళ్ళు కాదు, తీర్థానికి పోయేవాళ్ళూ కాదు. మామూలుగానైతే రైలెక్కగానే ఏ ఊరు, ఎవరి తాలూకు అని పలకరింపులు మొదలవుతాయి. నాంపల్లి స్టేషన్ వచ్చేదాకా ఆ పెట్టెలో ఎవరూ ఎవరినీ ఏ ఊరని అడగలేదు. బాలనర్సమ్మకు అది వింతగా తోచింది గానీ, పట్నం పోయే రైలు తీరే అంతేమో అనుకుంది.

సేటు కొట్టు తెరవడానికి ఇంకా పొద్దుంది. స్టేషన్‌కు దగ్గరే బాగే ఆం తోట, అందులో పాతకాలపు వస్తువులు పెట్టిన అజాయబ్‌ఘర్. చచ్చి వేల ఏళ్ళయినా కుళ్ళని మనిషి అక్కడ ఉందని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. చూపించమంది. తోట పక్క మైదానంలో ఇరవై ముప్పై మంది కర్రలు భుజాన పెట్టుకొని కవాతు చేస్తున్నారు. అందరి కాళ్ళూ ఒక్కసారే నేలను తాకుతున్నాయి. రామచంద్రం ఆమెను మైదానానికి అవతలి వైపు నడిపించాడు.

అజాయబ్‌ఘర్‌లో చూసేవాళ్ళు వాళ్ళిద్దరే. రాతి దేవుళ్ళు, చేతులు విరిగినవాళ్ళు, ముక్కులు పోయినవాళ్ళు, గోడల వెంట వరసగా నిలబడి ఉన్నారు. పూజ లేదు, దీపం లేదు. ఒక్కో దేవుడి పాదాల దగ్గర ఏ ఊరి నుంచి తెచ్చారో రాసిన అట్టముక్క. ఆ ఊళ్ళ పేర్లు రామచంద్రం కూడబలుక్కుంటూ చదువుతుంటే అక్కడి నౌకరు దగ్గరికి వచ్చాడు. మైసయ్య అనే ముసలాయన. పాలమూరు జిల్లా వాడు. తెలుగు మాట వినబడేసరికి ఆయన మొహం విచ్చుకుంది. తానే వెంట తిప్పి చూపించాడు.

అద్దాల పెట్టెలో ఉంది ఆమె. మిస్ర్ దేశపు, అంటే ఈజిప్టు రాజుబిడ్డ అని చెప్పాడు మైసయ్య. ఒళ్ళంతా చుట్టిన గుడ్డ పట్టీలు, పొగచూరిన రంగు. బాలనర్సమ్మ మొదట భయపడింది. తరువాత ఆమె కళ్ళు అలవాటుగా గుడ్డ మీదికి పోయాయి. సాదా నేత. పడుగు బిగువుగా ఉంది, పేక అక్కడక్కడ వదులు. ఒకచోట తెగిన పోగును అతికిన ముడి కూడా కనిపించినట్టయింది. ఇది ఎవరో మగ్గం మీద కూర్చొని నేసిన గుడ్డే. ఎవరి ఒంటికి చుడతారో తెలిసి నేశారో, తెలియక నేశారో. ఆమె కొంగు భుజాల మీదికి లాక్కొని కప్పుకుంది.

బయటి మెట్ల దాకా సాగనంపుతూ మైసయ్య ఏ ఊరని అడిగాడు. ఆ పొద్దు మొదలు ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. పోచంపల్లి అని చెబితే అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పొద్దుగూకెదాంక ఉండకు బిడ్డా. మూడింటి బండికి మర్లిపోండ్రి. ఎవలన్న అడిగితే ఊరి పేరు చెప్పకుండ్రి."

ఎందుకని ఆమె అడగబోతే, లోపల ఎవరో పిలిచినట్టు వెనుదిరిగి పోయాడు. ఎవరూ పిలవలేదు.

టాంగా ఎక్కి నయాపూల్ దాటారు. పత్తర్‌గట్టి రాతి కమాన్లు, వాటి కింద కొట్లు, ఎదురుగా ఆకాశంలోకి లేచిన చార్మినార్. బాలనర్సమ్మ తల పైకెత్తి చూసింది. ఇంత రాయి ఎవరు మోశారో అనుకుంది. అయితే కమాన్ల కింద కొట్లలో సగం అర తలుపు మూసి ఉన్నాయి. సేటు కూడా లోపలి గదిలోకి పిలిచి రుమాళ్ళు తీసుకున్నాడు. విప్పి చూడనైనా చూడలేదు. ఓడలు పోవడం లేదనీ, మళ్ళీ కబురు చేసేదాకా నేయవద్దనీ చెప్పాడు. ఇరవై ఏళ్ళుగా ప్రతి రుమాలూ వెలుగుకు పట్టి చూసి గానీ తీసుకోని మనిషి. అది రామచంద్రానికి గుచ్చుకుంది. దారిలో రెండుసార్లు అదే మాట అన్నాడు.

లాడ్ బజారులో అడుగు పెట్టాక ఆమెకు కాస్త ప్రాణం లేచొచ్చింది. ఒక ముసలామె నిప్పుల కుంపటి ముందు కూర్చొని, మెత్తబడ్డ లక్కను వంచి, చమ్కీ అద్దం ముక్కలు ఒక్కొక్కటే పొదుగుతోంది. గుర్వమ్మది సన్నటి చెయ్యి. తన వేళ్ళు మడిచి ఇంత అని చూపిస్తే, ముసలామె నవ్వి అదే కొలతకు ఆకుపచ్చ గాజుల జత ఏరి ఇచ్చింది. చెల్లెలి చేతికి అవి ఎలా ఉంటాయో తలుచుకుంటూ, కాగితపు పొట్లం రొమ్ముకు ఆనించుకొని నడిచింది.

గుల్జార్ హౌజ్ దాటి పక్క గల్లీలోకి తిరిగితే పాత ఇత్తడి కొట్లు. ఆడమనిషి కళ్ళు గిన్నెల మీద ఆగకుండా ఎలా పోతాయి? ఒక కొట్టు ముందు నేల మీద పోసిన కుప్ప ఆమె నడుము ఎత్తుంది. బిందెలు, తాంబాళాలు, చెంబులు, గంగాళాలు. పాతవే, కానీ పాత ఇనుప సామాను అమ్మేవాడి దగ్గర ఉండే మూలపడ్డ వస్తువులు కావు. చింతపండు పెట్టి తోమిన మెరుపు ఇంకా పోలేదు. ఒక గంగాళం అంచుకు పసుపు అంటి ఉంది. ఒక చెంబు మెడకు తోరం దారం. కొన్నింటికి ఒక పక్క మాత్రం పొగ నలుపు. అది పొయ్యి నలుపు కాదు. అడుగున కాకుండా మెడదాకా పాకింది. ప్రతి బిందె భుజం మీదా చుక్కలు చుక్కలుగా కొట్టిన పేర్లున్నాయి. ఎవరింటి సామాను వాళ్ళు గుర్తుపట్టడానికి కొట్టించుకునే పేర్లు. ఇన్ని ఇళ్ళవాళ్ళు ఒక్కసారి బిందెలెందుకు అమ్ముకున్నారు అనుకుంటూ ఆమె వంగింది.

కుప్ప అంచున పక్కకు ఒరిగి ఉన్న బిందె మీద పేరు కింద, మగ్గంలో పేక నూలును అటూ ఇటూ నడిపే నాడె బొమ్మ ఉంది.

ఆమెకు చదువు రాదు. కానీ ఆ నాడె ఎవరు చెక్కించారో తెలుసు. కంచరి ఇంట్లో తండ్రి పక్కన కూర్చొని చూసింది. సాలోళ్ళ పిల్లలు కాబట్టి నాడె ఉండాలని, ఇద్దరు బిడ్డల బిందెలకూ తండ్రి చెప్పి కొట్టించాడు. చేత్తో నాడె కొనను తడిమింది. కంచరి ఉలి జారి గీత కాస్త బయటికి పోయి ఉంటుంది, చిన్నదాని బిందెకు. పోయే ఉంది.

భర్త చెయ్యి పట్టి లాగింది. రామచంద్రం వంగి పేరు చదివాడు. పైకి చదవలేదు.

కొట్టు యజమాని ముసలి సాయిబు. కళ్ళద్దాలకు ఒక పక్క కాడ బదులు దారం కట్టుకున్నాడు. వాళ్ళిద్దరినీ చూశాడు, బిందెను చూశాడు. అంతా అర్థమైనవాడిలా లేచి వచ్చి, తూకం రాళ్ళు సర్దుతున్నట్టు పక్కన వంగాడు.

"ఆలేరు దిక్కుకెల్లి మొన్న లారీల దిగినయ్ బేటీ. కరగబెట్టనీకి పోతయ్. నన్నేం అడగకు. ఏడ్వకు. పక్క కొట్టు ముంగట కూసున్నోడు చూస్తుండు."

పక్క కొట్టు ముందు నులక మంచం మీద ఖాకీ చొక్కా మనిషి కూర్చొని ఉన్నాడు. నడుముకు తోలు పట్టా. ముప్పై ఏళ్ళుంటాయి, నున్నగా గీసుకున్న గడ్డం, నవ్వు మొహం. నెమ్మదిగా లేచి వచ్చాడు. రామచంద్రాన్ని చదువొచ్చా అని అడిగాడు. జరంత వస్తుందని రామచంద్రం చెప్పాడు.

"అయితే చదువు. ఎవరి పేరు?"

గల్లీలో ఎక్కడో సుత్తి దెబ్బలు పడుతున్నాయి. రామచంద్రం బిందె మీదికి వంగి, ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టి, కూడబలుక్కుంటున్నట్టు చదివాడు.

"ల... క్ష్మ... మ్మ. లక్ష్మమ్మ అని ఉన్నది సర్కార్."

ఖాకీ మనిషి ముసలి సాయిబు వైపు తిరిగాడు. నలభై ఏళ్ళుగా ఇత్తడి మీది తెలుగు పేర్లు చదువుతున్న ముసలాయన కళ్ళద్దాలు సరిచేసుకొని బిందెను ఎత్తి వెలుగుకు పట్టాడు. లక్ష్మమ్మేనని ఆయన చెప్పి, బిందెను కుప్ప మీదికి విసిరేశాడు. అది దొర్లి రెండో పక్కకు పోయి ఆగింది.

ఖాకీ మనిషి అంతటితో వదులుతాడనుకున్నారు. కానీ దూరం నుంచి వచ్చినట్టున్నారు, మీకు చాయ్ తాగిస్తాను పదండి అన్నాడు. వద్దనే వీలు లేని పిలుపు అది. మలుపులో ఇరానీ హోటల్. పాలరాతి బల్లలు, గోడల నిండా అద్దాలు, ఏ అద్దంలో చూసినా అతని ఖాకీ చొక్కానే. వాళ్ళు లోపలికి రాగానే పక్క బల్లల మాటలు ఆగాయి. రేడియోలో ఎవరో ఉర్దూలో గట్టిగా ఉపన్యాసం చెబుతున్నారు. అతను చాయ్, సమోసాలు, బిస్కట్లు తెప్పించి తన చేత్తో వాళ్ళ ముందుకు జరిపాడు. తినండి తినండి అని ఇంటి చుట్టంలా బలవంతం చేశాడు. ఆమె బిస్కట్ కొరికింది. అది నోట్లో మట్టిలా నిలబడిపోయింది. చాయ్‌తో మింగింది.

ఏ ఊరని అడిగాడు. మైసయ్య మాట గుర్తొచ్చి, రామచంద్రం సికింద్రాబాదులో సాలోళ్ళ గల్లీ అని చెప్పాడు. అతను తల ఊపాడు. నమ్మాడో లేదో తెలియలేదు. పల్లెల్లో జనానికి బుద్ధి లేదనీ, సర్కారుకు ఎదురు తిరిగే దొంగలకు అన్నం పెట్టి తమ ఇళ్ళు తామే కాల్చుకుంటున్నారనీ, పాపం అనిపిస్తుందనీ చెప్పుకొచ్చాడు. చెబుతూనే ఆమె ఒళ్ళోని పొట్లం అందుకొని విప్పాడు.

"మంచి గాజులు. ఎవరికి, చెల్లె?"

చెల్లె అన్న పిలుపుకు, చెల్లెలికే అన్న మాట ఆమె నోటి దాకా వచ్చింది. తనకేనని చెప్పింది.

"అయితే తొడుక్కో. చూస్తం."

రామచంద్రం కప్పును సాసరులో పెట్టాడు. బాలనర్సమ్మ బల్ల కింద చేతులు ఒకదాన్నొకటి గట్టిగా నొక్కుకొని, పైకి తీసి, గాజు ఎక్కించింది. మగ్గం పని చేసిన చెయ్యి, ఎముక లావు. బొటనవేలి కింద గాజు ఆగిపోయింది. అతను నవ్వుతూ చూస్తున్నాడు. ఆమె పళ్ళు బిగించి నొక్కింది. తోలు చీరుకుపోయి గాజు మణికట్టు మీదికి జారింది. రెండో చేతికీ అంతే. ఏడుపు మొహానికి రానీయలేదు. చమ్కీ అద్దం ముక్కల్లో హోటల్ దీపాలు మెరిశాయి.

"బిగుతున్నయ్," అన్నాడు అతను.

"బిగుతుంటెనే పగులయని చెప్పిన్రు," అంది ఆమె.

కాసేపు ఆమెనే చూసి, పెద్దగా నవ్వి లేచాడు. పట్నం ఎంత చల్లగా ఉందో చూశారు కదా, మీ గల్లీలో అందరికీ చెప్పండి అన్నాడు. హోటల్ వాడికి చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు.

మూడింటి బండి అందుకోవడానికి వాళ్ళు పరుగెత్తలేదు. పరుగెత్తితే ఎవరైనా చూస్తారు. నయాపూల్ దాకా నడిచి టాంగా ఎక్కారు. రైలు ఇటు పోయేటప్పుడు ఖాళీ. పల్లెల వైపు పోయేవాళ్ళు పదిమంది కూడా లేరు. పెట్టెలో తమ ఇద్దరే మిగిలాక రామచంద్రం బయటికి చూస్తూ, గుర్వమ్మ అనే ఉన్నది అన్నాడు. తెలుసంది. బీబీనగర్ వచ్చింది. అతను లేచాడు. ఆమె లేవలేదు. ఒక్క క్షణం నిలబడి, మళ్ళీ వచ్చి పక్కన కూర్చున్నాడు. రైలు ఆలేరు దిక్కుకు కదిలింది.

ఆలేరు స్టేషన్‌లో దిగేసరికి పొద్దు వాలుతోంది. వేపచెట్టు కింద మోకాళ్ళు పట్టుకొని కూర్చున్న మనిషి బాలనర్సమ్మను చూసి లేచాడు. రావులకుంటలో జీతం చేసే ఇస్రాయేలు. చెల్లెలి ఇంటికి పోయినప్పుడల్లా చూసిన మనిషే. రెండు రోజులుగా వచ్చే ప్రతి బండీ చూస్తున్నానని, ఊరివాళ్ళ చుట్టాలు ఎవరైనా దిగితే నేరుగా ఊరికి పోకుండా ఆపడానికి ఇక్కడి ప్రార్థన గుడి పాస్టరుగారు కూర్చోబెట్టారని చెప్పాడు.

"ఉన్నదా?" అని మాత్రం అడిగింది ఆమె.

"ఉన్నదమ్మా. గుడి కాడ ఉన్నది," అన్నాడు. ఆ తరువాత నేల చూశాడు. "లింగస్వామినే పట్టుకపోయిన్రు."

ప్రార్థన గుడి ఆవరణలో రావులకుంట సగం ఉంది. చెట్ల కింద, గోడల నీడన, ఎవరి గుంపు వాళ్ళుగా. పిల్లలు కూడా ఏడవడం లేదు. గుర్వమ్మ వరండా మూలన గోనెపట్టా మీద కూర్చొని ఉంది. అక్కను చూసి లేవబోయి లేవలేకపోయింది. ఏడవలేదు. జరిగింది ఎవరిదో కథలా చెప్పింది. తెల్లారి నీళ్ళకు పోయిందట. లారీల చప్పుడు విని దిగుడుబావిలోకి దిగి, గొంతు దాకా నీళ్ళలో ఎండ నడినెత్తికి వచ్చేదాకా నిలబడింది. వానల్లేక బావిలో నీళ్ళు తగ్గబట్టి సరిపోయింది, లేకుంటే మునిగిపోయేదాన్ని అంది. పైకి వచ్చేసరికి ఇల్లు లేదు. మగ్గం ఇంకా కాలుతోంది. అప్పుడు ఇస్రాయేలు ఆమెను వీపున ఎక్కించుకొని చేలకు అడ్డంపడి తెచ్చాడు.

"నేను లోపల ఉండంగనే ఆయన నన్ను పిలిశిండక్కా. రెండుసార్లు పిలిశిండు. నేను పలుకలే."

బాలనర్సమ్మ చెల్లెలి తల ఒళ్ళోకి తీసుకుంది. పలికితే ఏమయ్యేదో ఆమె చెప్పనక్కర లేదు. ఆవరణలో అందరికీ తెలుసు. గుర్వమ్మ చెయ్యి అక్క మణికట్టు మీద పడింది. గాజులు, చీరుకుపోయిన తోలు, ఎండిన నెత్తురు చూసింది. ఏమైందని అడిగితే, పట్నంలో తొడిగి చూసుకున్నానని అక్క చెప్పింది. బిందె మాట ఆ రోజు చెప్పలేదు. ఆ తరువాత కూడా చెప్పలేదు. పాస్టరుగారి ఇంట్లో అడిగి కొబ్బరినూనె తెచ్చి, చాలాసేపు తంటాలు పడి గాజులు తీసి, చెల్లెలి చేతులకు తొడిగింది. నూనె చేతుల మీద జారి అవి తేలిగ్గా ఎక్కాయి.

మరునాడు బాట వదిలి చేల వెంట బండి తోలించుకొని పోచంపల్లి చేరారు. శ్రావణం చివర గుర్వమ్మకు కొడుకు పుట్టాడు. లింగస్వామి ఎక్కడున్నాడని రామచంద్రం మూడుసార్లు పట్నం పోయి అడిగాడు. మొదటిసారి జైలు గుమ్మం దగ్గర వెళ్ళగొట్టారు. రెండోసారి అలాంటి పేరు లేదన్నారు. మూడోసారి పోయేసరికి సర్కారే మారిపోయింది. యూనియన్ సైన్యం వచ్చి, జైళ్ళు తెరిచి మనుషులను వదిలాక, ఒక మధ్యాహ్నం లింగస్వామి తనంతట తానే నడిచి పోచంపల్లి వచ్చాడు. గుమ్మంలో నిలబడిన మనిషిని భార్యే ముందు గుర్తుపట్టలేదు.

కొడుకును ఎత్తుకున్నాడు. అన్నం తిన్నాడు. ఎక్కడ ఉంచారో, ఏం చేశారో చెప్పలేదు. ఎవరూ గుచ్చి అడగలేదు. పదిరోజులకు ఒళ్ళు కాస్త తేరుకున్నాక పని చేస్తానన్నాడు. ఆలేరు దిక్కున అతనంత చక్కగా నేసేవాడు లేడని పేరు. రామచంద్రం సంతోషంగా తన మగ్గమే ఇచ్చాడు. పడుగు చుట్టి, నాడె చేతికి అందించాడు. లింగస్వామి, నేసేవాడి కాళ్ళ కోసం నేలలో తవ్విన మగ్గం గుంట అంచున కూర్చొని, కాళ్ళు లోపలికి దించబోయాడు. దించలేదు. లోపలి చీకటిని చూస్తూ అట్లాగే ఉండిపోయాడు. ఖాళీ చేత్తో గుంట అంచు గట్టిగా పట్టుకున్నాడు. అతన్ని ఇలాంటి చీకటి గుంటలోనే ఉంచారని చూస్తున్నవాళ్ళకు అప్పుడు తట్టింది.

బాలనర్సమ్మ పోయి అతని చేతిలో నాడె తీసుకుంది. పనికి తొందరేం లేదంది. ఆ రోజు నుంచి అతను బయట అరుగు మీద, ఎండలో, ఆడవాళ్ళ పక్కన కూర్చొని రాట్నం మీద, నాడెలో పెట్టే కండెలకు నూలు చుట్టాడు. బతికి ఉన్నన్నాళ్ళూ ఆ పనే చేశాడు. గుంటలోకి మళ్ళీ దిగలేదు.